బెల్తరా దగ్గర ఆగిపోయిన బండి

2021 అక్టోబరులో బిలాస్‌పూర్‌లో మా అక్క ఇంట్లో ఉన్నాను. ఆ ఊళ్ళో మా వాళ్ళు రైల్వే పుణ్యమా అని మూడు తరాలుగా ఉంటున్నారు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే పుట్టాక శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని అటు వెళ్ళిన తెలుగు కుటుంబాల్లో మా బావ వాళ్ళది ఒకటి. బావ తండ్రి బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్. బావ డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేరి చార్జ్‌మన్‌గా రిటైరయ్యాడు. నేను రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై అయిదేళ్ళు పనిచేసిన బీకాం వాణ్ణి. ఇంజను మూత ఎత్తితే నాకు కనిపించేది వోచరే.

మా మేనల్లుడికి ఒక పిచ్చి. పాత టూరిస్టు వ్యాను ఒకటి కొని, లోపల మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము పెట్టించి ఇల్లులా చేసుకున్నాడు. తెలుగువాళ్ళకి ఇల్లులాంటి బండి అంటే 1982లో ఎన్టీ రామారావుగారు తిరిగిన చైతన్య రథమే గుర్తొస్తుంది. పాత షెవర్లే వ్యాను, నడిపింది హరికృష్ణ. మావాడు అంత దూరం ఆశించలేదులెండి. పెళ్ళాం పిల్లల్తో అమర్‌కంటక్ వెళ్ళి రావాలన్నది వాడి కోరిక. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బండి డ్రైవరు ఇంటి పెరట్లో ఆగిపోయింది. రెండు వానాకాలాలు అక్కడే ఆకాశం కింద గడిపింది.

బయల్దేరిన రోజు బిలాస్‌పూర్‌లో ముప్పై లీటర్ల డీజిల్ పోయించాడు. ముందు కోర్బాలో తోడల్లుణ్ణి చూసి వద్దామన్నారు. బెల్తరా దగ్గరికి వచ్చేసరికి బండి దగ్గింది, రెండుసార్లు కుదిపింది, ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు కాలేదు.

అరగంటలో నాలుగు కారణాలు తయారయ్యాయి. మేనల్లుడి అత్తగారు: రతన్‌పూర్ మహామాయ తల్లికి కొబ్బరికాయ కొట్టకుండా వచ్చాం, అందుకే. రోడ్డు పక్క టీ కొట్టువాడు: బండికి నిమ్మకాయ మిరపకాయలు కట్టలేదు, దిష్టి. బండిలో ఉన్న ఇంకో చుట్టం: బంకువాడు కల్తీ డీజిల్ పోశాడు. మేనల్లుడు మాత్రం నన్ను పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పాడు. "మామయ్యా, ఇది డ్రైవరు పని. లాక్‌డౌన్ ముందు సగం ట్యాంకు ఉంది. మొన్న చూస్తే పావు ట్యాంకే. డీజిల్ అమ్ముకుని నీళ్ళు పోసి ఉంటాడు."

మొదటి రెండింటినీ కొట్టిపారేయడం మనకి అలవాటే. మూడోదీ నాలుగోదీ అలా కాదు. అవి చూడ్డానికి హేతుబద్ధంగా ఉంటాయి. మనిషి మీద అనుమానం దేవత మీద నమ్మకం కన్నా శాస్త్రీయంగా అనిపిస్తుంది. కానీ సాక్ష్యం అడిగితే రెండూ ఒకే చోట నిలబడతాయి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో తర్వాత చెప్తాను.

బండిని ట్రాక్టరుకి కట్టి బెల్తరాలోనే ఒక మిస్త్రీ దగ్గరికి లాగించాం. ఫోన్లో బావ. "ముందు ఎవర్నీ తిట్టకండి. ఫిల్టరు కింద మర విప్పి గాజు సీసాలో పట్టండి. సీసాని కదపకుండా గంటసేపు పెట్టండి" అన్నాడు. పట్టాం. గంట తర్వాత సీసాలో మూడు వరసలు. పైన పసుప్పచ్చ డీజిల్. కింద కాస్త మసకగా నీళ్ళు. రెండింటి మధ్య గోధుమరంగు జిగురు, చెరువులో రాయి మీద పట్టే పాచిలాగా. మేనల్లుడు నా వంక చూశాడు, చూశావా అన్నట్టు.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పాలి. లేకపోతే ఆ జిగురు ఏమిటో అర్థం కాదు.

రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకి దరఖాస్తు పెట్టుకున్నాడు, 1893లో అది చేతికొచ్చింది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజనుని పరీక్షకి పెట్టి, ఇంధనంలో ఉన్న శక్తిలో నాలుగో వంతుకి పైగా పనికి మళ్ళించి చూపించాడు. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో లేవు. మొదట్లో ఆయన బొగ్గుపొడిని కూడా ఇంధనంగా ఆలోచించాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. అప్పటి ఇంజన్లు నోట్లో ఏది పెట్టినా నమిలేవి. గట్టిగా నొక్కిపెట్టిన గాలితో నూనెని ఊదేవారు కాబట్టి కాస్త మురికి ఉన్నా గడిచిపోయేది. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపుని పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక కథ మారింది. ఆ పంపులో కడ్డీకీ గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. ఆ కడ్డీకి కందెన వేరే లేదు, డీజిలే కందెన. అక్కడికి నీటి చుక్క వెళ్తే కందెన పోయి ఇనుము ఇనుముని రాసుకుంటుంది, తుప్పు పడుతుంది. లారీలకి, ట్రాక్టర్లకి, బస్సులకి సరిపోయేంత చిన్నదిగా డీజిల్ ఇంజను మారింది ఆ పంపు వల్లే. ట్యాంకు శుభ్రంగా ఉంచాల్సిన బాధ్యత మన నెత్తిన పడిందీ దానివల్లే.

బావ దీన్ని తన భాషలో చెప్తాడు. "మా నాన్నకి నీళ్ళు లేకపోతే బండి ఆగేది. నాకు నీళ్ళుంటే బండి ఆగేది." 1962లో అమెరికా నుంచి ఆల్కో ఇంజన్లు దిగాయి. 1964 నుంచి వారణాసిలోనే తయారీ మొదలైంది. డబ్ల్యూడీఎమ్-2 అన్న ఆ ఇంజను ట్యాంకులో 5000 లీటర్లు పడుతుంది. ట్యాంకు అడుగున చేరిన నీళ్ళనీ మడ్డినీ వదలడం తన కుర్రతనంలో మొట్టమొదట అప్పజెప్పిన పని అని బావ అంటాడు. ఎవరూ ఇష్టపడని పని. చొక్కా మీద పడితే ఆ వాసన మూడు ఉతుకులకి పోదు.

నీళ్ళు డీజిల్‌తో కలవవు, బరువు కాబట్టి అడుగుకి చేరతాయి. ఈ సూత్రాన్ని మనిషి వాడుకున్నాడు కూడా. రెండో ప్రపంచ యుద్ధం నాటి జలాంతర్గాముల్లో కొన్ని ట్యాంకులు ఎప్పుడూ నిండుగానే ఉండేవి. డీజిల్ ఖర్చయిన కొద్దీ కింద నుంచి సముద్రపు నీళ్ళని రానిచ్చేవాళ్ళు. పైన నూనె, కింద సముద్రం. బరువు సరిపోయేది. అంటే నీళ్ళు ఉండటం తప్పు కాదు, పీల్చే గొట్టం దాకా రావడం తప్పు. నీళ్ళు అడుగునే ఉన్నా ఎల్లకాలం క్షేమం అని కూడా చెప్పలేం. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 రన్‌వేకి ముందే నేల మీద పడింది. అందరూ బతికారు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఇంధనంలో మామూలుగా ఉండే కొద్దిపాటి నీళ్ళే చలికి మంచుపలుకులై రెండు ఇంజన్లకీ ఇంధనం సరిగ్గా అందకుండా చేశాయి. కల్తీ లేదు, దొంగతనం లేదు, నిర్లక్ష్యం లేదు.

ఇక జిగురు. 1895లోనే మియోషీ అనే జపాన్ వృక్షశాస్త్రవేత్త ఒక బూజు పారాఫిన్ మైనంలోకి చొచ్చుకుపోవడం గమనించి రాశాడు. నూనెని తిని బతికే సూక్ష్మజీవులు ఉన్నాయన్న మాట అప్పటికి వింతగా వినిపించి ఉంటుంది. 1946లో క్లాడ్ జోబెల్ ఈ విషయం మీద అప్పటిదాకా తెలిసినదంతా ఒకచోట చేర్చాడు. ఇంజనీర్లకి మాత్రం జెట్ విమానాలు వచ్చాకే నొప్పి తెలిసింది. 1950లు, 60లలో విమానాల రెక్కల్లోని ట్యాంకుల్లో బూజు తెట్టెలు కట్టి ఫిల్టర్లు మూసుకుపోయాయి, అల్యూమినియం తినేసింది. హార్మోకోనిస్ రెసినే అనే శిలీంధ్రం వీటిలో పేరుమోసినది. దీనికి కావలసినవి రెండే: తినడానికి నూనె, ఉండటానికి నీళ్ళు. అందుకే అది సరిగ్గా రెండూ కలిసే గీత మీద కాపురం పెడుతుంది. మా సీసాలో మధ్య వరస అదే.

అంటే నీళ్ళు నిన్నా మొన్నా రాలేదు. బూజు అంత ముదరాలంటే వారాలూ నెలలూ కావాలి. బంకువాడు ఆ రోజు పొద్దున నీళ్ళు పోసి ఉంటే సీసాలో రెండే వరసలు ఉండేవి. మూడో అనుమానం అక్కడికి తగ్గింది. పూర్తిగా పోయిందనను. మన దేశంలో బంకు మీద అనుమానం ఊరికే పుట్టింది కాదు. రేషను కిరోసిన్ చవక, డీజిల్ ఖరీదు. ఆ తేడా ఉన్నంతకాలం కల్తీ ఒక పరిశ్రమలా నడిచింది. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో ఇండియన్ ఆయిల్ అధికారి ఎస్. మంజునాథ్‌ని, కల్తీ పట్టుకున్నందుకు కాల్చి చంపారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. 2011 జనవరి 25న మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేని పట్టపగలు తగలబెట్టారు. ఇవి మరిచిపోకూడదు. కానీ కిరోసిన్ డీజిల్‌లో కలిసిపోతుంది, వరస కట్టదు. దాన్ని పట్టుకోవాలంటే సాంద్రత చూడాలి, ప్రయోగశాలకి పంపాలి. సీసాలో అడుగున నిలబడింది కిరోసిన్ కాదు.

ఛత్తీస్‌గఢ్ కాబట్టి ఇంకో అనుమానం నాకే వచ్చింది. రతన్‌జోత్. మన అడవి ఆముదం. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఈ మొక్కని దేశం మొత్తానికి సిఫార్సు చేసింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో బయోఫ్యూయల్ అభివృద్ధి సంస్థని పెట్టి కోట్ల మొక్కలు నాటించింది. బంజరు నేల చాలు, నీళ్ళు అక్కర్లేదు, పశువులు తినవు, గింజలో నూనె, ఇక గల్ఫు దేశాల మొహం చూడక్కర్లేదు. ఆ రోజుల్లో మా బావతో సహా అందరూ ఇదే మాట. ముఖ్యమంత్రి రమణ్ సింగ్ తన కారునీ దాంతో నడిపించారు. రైల్వే అంతకు ముందే, 2002 డిసెంబరు 31న, ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్దిని అయిదు శాతం బయోడీజిల్ కలిపి నడిపి చూసింది. ఆంధ్రలో అదే కాలంలో కానుగ గింజల మీద ఇలాంటి ఆశే ఉండేది. ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గోండు గ్రామం మహిళలు 2003లో తమ కానుగ నూనె వల్ల తగ్గబోయే కర్బనం లెక్క చూపించి ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. చిన్న మొత్తమే. నేనైతే ఆ వోచరుని సంతోషంగా పాస్ చేసేవాణ్ణి, ఎందుకంటే అక్కడ చెట్లు ఉన్నాయి, గింజలు ఉన్నాయి, గానుగ ఉంది.

రతన్‌జోత్ విషయంలో అలా జరగలేదు. బంజరు నేలలో మొక్క బతికింది, కాయలు మాత్రం ఆశించినన్ని కాయలేదు. నీళ్ళు లేకుండా బతకడం వేరు, నీళ్ళు లేకుండా దిగుబడి ఇవ్వడం వేరు. ఈ రెండు వాక్యాల మధ్య తేడాని ఎవరూ పెద్ద స్థాయిలో పరీక్షించకుండానే నాట్లు మొదలయ్యాయి. 2009 జాతీయ విధానంలో 2017కల్లా ఇరవై శాతం కలపాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2018లో కొత్త విధానం వచ్చేసరికి బయోడీజిల్ లక్ష్యం 2030కి అయిదు శాతానికి దిగింది. అదే ఏడాది ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానం ఒకటి ఛత్తీస్‌గఢ్ రైతులు పండించిన రతన్‌జోత్ నూనె కలిపిన ఇంధనంతో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరింది. విమానం ఎగరడం నిజం. దాన్నిబట్టి లెక్క కుదిరిందనుకోవడం పొరపాటు.

1996లో రామర్ పిళ్ళై నీళ్ళలో ఆకులు వేసి కాచి పెట్రోలు చేస్తానంటే దేశం నోరు తెరిచి చూసింది. పరీక్ష చేసినవాళ్ళకి కలియబెట్టే కడ్డీ మీద అనుమానం వచ్చింది. బోలు కడ్డీలో పెట్రోలు దాచి కొసని మైనంతో మూస్తే, వేడికి మైనం కరిగి "అద్భుతం" కారుతుంది. ఇరవై ఏళ్ళకి, 2016లో, చెన్నై కోర్టు ఆయనకి మూడేళ్ళ కఠిన శిక్ష వేసింది. మన సంఘాల సమావేశాల్లో ఆ కథ చెప్పి నవ్వుకుంటాం. రతన్‌జోత్ కథ చెప్పుకోం. అక్కడ మోసగాడు లేడు, మంచి ఉద్దేశాలున్న చదువుకున్నవాళ్ళు ఉన్నారు, మనలో చాలామంది చప్పట్లు కొట్టాం కూడా. నేను కొట్టాను.

బయోడీజిల్‌కి రెండు గుణాలున్నాయి. మామూలు డీజిల్ కన్నా నీళ్ళని ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది, పాత ట్యాంకు గోడలకి అంటిన మడ్డిని సబ్బులా వదలగొడుతుంది. మన ప్రమాణాల ప్రకారం బంకులో అమ్మే డీజిల్‌లో ఏడు శాతం దాకా కలపవచ్చు. ఈ మేరకు రతన్‌జోత్‌కి కాకపోయినా దాని చుట్టాలకి మా జిగురులో కాస్త భాగం ఉండొచ్చు. నీళ్ళకి మాత్రం లేదు.

మిస్త్రీ ట్యాంకు దింపాడు. చూస్తూ నేర్చుకున్నది రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు బ్యాటరీ తీగ విప్పాడు. బీడీ కాలుస్తున్న కుర్రాణ్ణి నాలుగడుగులు కాదు, రోడ్డు అవతలికి పంపాడు. అడుగు బోల్టు వదులు చేసి మొదట వచ్చినదాన్ని వేరే డబ్బాలో పట్టాడు, ఎందుకంటే నీళ్ళు ముందు వస్తాయి. అవి లీటరున్నర ఉన్నాయి. మిగతా డీజిల్ గుడ్డలో వడకట్టి డ్రమ్ములో పోశాడు. పట్టీలు విప్పి ట్యాంకు కిందికి దించి, పీల్చే గొట్టం చివర జాలీ తీసి చూపించాడు. తడి కాగితంలా ఉంది దాని మీద తెట్టె. లోపల రెండు లీటర్ల మంచి డీజిల్ పోసి, ఊపి ఊపి, పారబోసి, మళ్ళీ పోశాడు. నీళ్ళతో కడగమని చుట్టం సలహా ఇస్తే మిస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. ట్యాంకు లోపల అడ్డు రేకులుంటాయి, నూనె తొణక్కుండా. వాటి వెనక చేరిన నీళ్ళు మళ్ళీ బయటికి రావు.

ఖాళీ ట్యాంకుకి చిన్న చిల్లి కనిపించింది. అతుకు వెయ్యమంటే మిస్త్రీ ససేమిరా అన్నాడు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. మండేది నూనె కాదు, ఆవిరి. మన ప్రమాణాల్లో డీజిల్ ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత హద్దు 35 డిగ్రీలు. ఛత్తీస్‌గఢ్ ఎండలో అది ఒక హద్దేనా? ఆవిరి పోకుండా ట్యాంకుకి వెల్డింగు పెట్టి చేతులు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ గురించి అతని దగ్గర చాలా కథలున్నాయి. మురికి డీజిల్‌ని పొలం గట్టున పారబొయ్యకుండా పాత నూనె కొనే లైసెన్సుదారుకి ఇవ్వడానికి పక్కన పెట్టించాను. ఇది ఒక్కటే నేను చేసిన పని.

ఇక డ్రైవరు. పొద్దుట్నుంచీ అతను టీ కూడా తాగలేదు. బండి నీడలో గొంతుకు కూర్చున్నాడు. ఎవరూ పైకి అనలేదు గానీ అతనికి తెలుసు.

మొదటి ప్రశ్న, లీటరున్నర నీళ్ళు ఎక్కణ్ణుంచి? ఎవర్నడిగినా చెప్పే జవాబు గాలిలో తేమ: సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలి చెమర్చి నీళ్ళు దిగుతాయని. నేనూ అదే నమ్మాను. కాగితం తీసి లెక్క వేస్తే కుదరలేదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టగలిగే తేమ దాదాపు 30 గ్రాములు. ట్యాంకులో ఖాళీ 50 లీటర్లనుకుంటే, అందులోని గాలి మొత్తంలో ఒకటిన్నర గ్రాము. పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడాకి లోపలికీ బయటికీ పోయే గాలి ఇరవయ్యో వంతే. అంటే రోజుకి గ్రాములో పదో వంతు కూడా లేదు. 600 రాత్రులకి 45 గ్రాములు. పోనీ, ఊరికే వాదనకి, ప్రతి రాత్రీ గాలి మొత్తం మారి తేమంతా నీళ్ళయిందనుకున్నా 900 గ్రాములు దాటదు. మా దగ్గరున్నది లీటరున్నర. అందరూ చెప్పే శాస్త్రీయమైన కారణం కూడా లెక్కకి నిలవలేదన్నమాట.

అంటే ఎవరో పోశారు. మేనల్లుడి ముఖంలో అదే కనిపించింది. అప్పుడు బావ ఫోన్లో అన్నాడు, "మూత చూశారా?"

ట్యాంకు మూత బండి పక్కన చిన్న గుంటలో ఉంది. దాని రబ్బరు వాషరు ఎండి పగిలి సగం ఊడిపోయింది. గుంటలో నీళ్ళు పోయే రంధ్రం మట్టితో పూడిపోయింది. మిస్త్రీ ఖాళీ ట్యాంకుకి మూత బిగించి గుంటలో ఒక చెంబు నీళ్ళు పోశాడు. చూస్తుండగా మట్టం దిగింది. చెంబు లోపలికే పోయింది. బెల్తరా మీద, బిలాస్‌పూర్ మీద రెండు వానాకాలాలు కురిశాయి. లీటరున్నర చాలా తక్కువే అనిపించింది నాకు.

రెండో ప్రశ్న, సగం ట్యాంకు పావు ఎలా అయింది? తేడా పదిహేను లీటర్లు. డ్రైవరుని అడిగితే, బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి పావుగంట ఇంజను నడిపేవాణ్ణి బాబూజీ అన్నాడు. మేనల్లుడు పావుగంటకి ఎంత తాగుతుందిలే అన్నాడు. కొలుద్దాం అన్నాను. ట్యాంకు శుభ్రమయ్యాక మిస్త్రీ ఇంజనుకి ఒక గీతల సీసాలోంచి డీజిల్ ఇచ్చాడు. ఇంజను వాడుకోగా మిగిలినది తిరిగి ట్యాంకుకి పోయే గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని కూడా అదే సీసాలోకి తిప్పాడు, లేకపోతే కొలత తప్పుతుంది. పావుగంటకి 200 మిల్లీలీటర్లు. 80 వారాలకి 16 లీటర్లు. ముల్లు చూపించిన తేడాకి ఇంతకన్నా దగ్గరగా రావడం కష్టం.

మేనల్లుడు డ్రైవరు దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఇద్దరికీ టీ వచ్చింది.

నాకు ఆ టీ రుచించలేదు. ముప్పై ఏళ్ళ వెనక నేను ఆడిట్ చేసిన ఒక ఇంధన ఖాతా గుర్తొచ్చింది. 12,000 లీటర్ల ట్యాంకరు వేసవి మధ్యాహ్నం ఒకచోట నింపుకుని, రెండు రోజుల తర్వాత కొండ ప్రాంతంలో తెల్లవారుజామున దింపింది. 140 లీటర్లు తక్కువ. డ్రైవరు సివిలియన్. తాను ఎక్కడా ఆపలేదన్నాడు. సీలు పగల్లేదు. నేను ఆబ్జెక్షన్ రాశాను, రికవరీ పడింది. లెక్క అబద్ధం చెప్పదు అని నేను అందరికీ చెప్పే రోజులవి. అదే ఏడాది మా ఊళ్ళో బాబాల మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను.

డీజిల్ ఒక్కో డిగ్రీ చల్లబడితే వెయ్యి లీటర్లకి దాదాపు 0.83 లీటరు చొప్పున కుంచించుకుపోతుంది. 12,000 లీటర్లకి 15 డిగ్రీల తేడా అంటే 149 లీటర్లు. ఆ తేడాని సరిచేసే పట్టిక ఉంది, దానికి ఫారంలో ఉష్ణోగ్రత రాసే గడి కూడా ఉంది. ఆ ఫారంలో ఆ గడి రెండు చోట్లా ఖాళీగా ఉంది. ఖాళీని నేను తేడా లేదు అని చదువుకున్నాను.

ఈ సంగతి నాకు తట్టింది రిటైరవడానికి రెండేళ్ళ ముందు, వేరే ఖాతా చూస్తుంటే. పాత కాగితం తిరిగి తెరవమని రాశాను. గడువు దాటిన ఫైళ్ళు నాశనం చేశామని జవాబు వచ్చింది. ఆ మనిషి ఎప్పుడో రిటైరయ్యాడు, ఊరు తెలియలేదు. ఆ రోజు వేడి ఎంతో, దింపిన రోజు చలి ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు కాబట్టి అతను నిర్దోషి అని కూడా నేను రుజువు చెయ్యలేను. దోషి అని రుజువు లేకుండా సంతకం పెట్టానని మాత్రం చెప్పగలను.

బెల్తరా నుంచి సాయంత్రం బయల్దేరాం. కొత్త ఫిల్టర్లు, కొత్త జాలీ, కొత్త రబ్బరు వాషరు. వాషరు నలభై రూపాయలు. చిల్లి ఉన్న చోట మిస్త్రీ ప్రస్తుతానికి వెల్డింగు లేకుండా పట్టే పేస్టు రాశాడు, బిలాస్‌పూర్‌లో ట్యాంకు మార్పించమన్నాడు. ముందు చక్రం దగ్గర అత్తగారు నిమ్మకాయ మిరపకాయలు కట్టించింది. మేనల్లుడు నా వైపు చూశాడు, నేను ఏమంటానోనని. నేను మూత గుంటలో మట్టి మళ్ళీ చేరిందేమో చూస్తున్నాను.